పక్కింటికి వచ్చిన ఉద్యోగిని: హిందీ తెర మీద ఇంటి పద్దు



రేడియో సిలోన్ హిందీ ప్రసారాలు వినే ఇళ్ళలో ఒకటో తారీఖు వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేని రోజులుండేవి. ఆ సంగతి పొద్దున్నే కిశోర్ కుమార్ గొంతు చెప్పేసేది. 1954లో వచ్చిన ‘పహలీ తారీఖ్’ సినిమా కోసం జీతాల రోజు మీద ఆయన పాడిన పాటను ఆ స్టేషన్ వాళ్ళు ప్రతి నెలా మొదటి తేదీన వేసేవారు. రచన కమర్ జలాలాబాదీది, బాణీ సుధీర్ ఫడ్కేది. ఆ సినిమాను ఇప్పుడు తలుచుకునేవాళ్ళు తక్కువే గానీ, పాట మాత్రం ఏళ్ళ తరబడి నెలజీతగాళ్ళకు సుప్రభాతంలా మోగింది. 46 ఏళ్ళ తర్వాత, 2000లో, ఇ.వి.వి. సత్యనారాయణ తెలుగులో తీసిన సినిమాకు ‘అమ్మో! ఒకటో తారీఖు’ అని పేరు పెట్టారు. అక్కడ సంబరం, ఇక్కడ గుండెదడ. జీతం చేతికొచ్చేదీ ఆ రోజే, పాలవాడూ కిరాణా కొట్టాయనా ఇంటివాళ్ళూ గుమ్మంలోకి వచ్చేదీ ఆ రోజే.

ఆలుమగల మధ్య డబ్బు గొడవలు హిందీ సినిమాకు పాత సరుకు. అందులో ఏడిపించినవి కొల్లలు, నవ్వించినవి కొన్ని. ఆ నవ్వించినవాటిలో రెండు సినిమాలకు ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. ఒకటి 1968 నాటిది, ఇంకోటి 2001 నాటిది. మొదటిది మద్రాసులో తయారైంది. రెండోదాన్ని తీసింది తెలుగు దర్శకుడు. ఈ రెంటికీ మధ్య 33 ఏళ్ళలో ఇంటి ఖర్చు విషయంలో తప్పు ఎవరిదన్న తీర్పు తలకిందులైంది.

ముందు రెండో సినిమా సంగతి చూద్దాం.

2001 డిసెంబరులో హిందీ హాళ్ళలోకి రెండు కుటుంబ చిత్రాలు దిగాయి. ఒకటి కరణ్ జోహార్ తీసిన ‘కభీ ఖుషీ కభీ గమ్’. అందులోవాళ్ళది రాజుల కోటంత బంగళా. పెద్దకొడుకు హెలికాప్టర్లో ఇంటికొస్తాడు. తండ్రి కాదన్న కొడుకు వెళ్ళి లండన్‌లో కాపురం పెడతాడు. మూడున్నర గంటల ఆ సినిమాలో కన్నీళ్ళు ధారలుగా కారతాయి, కానీ కరెంటు బిల్లు ఎంతొచ్చిందని ఎవరూ అడగరు. రెండోది ‘ఆమ్‌దనీ అఠన్నీ ఖర్చా రుపయ్యా’, అంటే రాబడి అర్ధరూపాయి, ఖర్చు రూపాయి. ఇందులో అప్పులవాళ్ళు తలుపు కొడుతూనే ఉంటారు. గోవిందా, జూహీ చావ్లా, టబు, జానీ లీవర్, చంద్రచూడ్ సింగ్, ఈషా కొప్పీకర్, వినయ్ ఆనంద్, కేత్‌కీ దవే నటించారు. హిమేశ్ రేషమ్మియా సంగీతం. దర్శకుడు మన కె. రాఘవేంద్రరావు. రెండు సినిమాల పోటీలో ఏది నెగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

రాఘవేంద్రరావుకు హిందీ కొత్త కాదు. ‘ఊరికి మొనగాడు’ను 1983లో ‘హిమ్మత్‌వాలా’గా, ‘దేవత’ను 1984లో ‘తోఫా’గా జితేంద్ర, శ్రీదేవిలతో తీసి ఉత్తరాదిని ఊపేసినవాడే. పాట వచ్చిందంటే పూలూ పళ్ళూ కురిపించే దర్శకుడు ఉప్పూ పప్పూ లెక్కల కథకు రావడమే ఒక తమాషా. హైదరాబాదులో పుట్టిన టబుకు కథానాయికగా తొలి సినిమా 1991 నాటి తెలుగు ‘కూలీ నెం.1’. దాన్ని తీసింది కూడా ఆయనే. పదేళ్ళ తర్వాత అదే టబుకు ఆయన ఈ హిందీ సినిమాలో కథ మొత్తాన్నీ తిప్పే పాత్ర ఇచ్చారు.

కథ చిన్నది. ఒకే చోట ఇరుగుపొరుగుగా మూడు జంటలు. మొగుళ్ళు ముగ్గురూ భీమా, అప్పూ ఖోటే, విజయ్. జీతం ఇంత, దర్జా అంత. చేతిలో ఉన్నది చాలదు కాబట్టి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు. పెళ్ళాలు ఇల్లు దిద్దుకోవాలే గానీ గడప దాటి సంపాదించకూడదన్న పట్టింపు ముగ్గురిదీ. పక్కింట్లోకి కొత్తగా రవి, అంజలి దంపతులు దిగుతారు. అంజలి చదువుకున్నది, ఉద్యోగం చేస్తున్నది. ఆ ఇంట్లో రాబడికీ ఖర్చుకూ పొంతన ఉంటుంది, మొగుడూ పెళ్ళాల మధ్య మాటకు మర్యాద ఉంటుంది. అది చూసి మిగతా ఆడవాళ్ళు ముగ్గురూ, మేం కూడా పనిలోకి వెళ్తే ఏం పోయిందనుకుంటారు. అక్కడితో రణం మొదలవుతుంది. పెళ్ళాలు ఇల్లు వదలడం, మొగుళ్ళు పొయ్యి దగ్గర చేతులు కాల్చుకోవడం, పంతాలు, బుద్ధి రావడం అన్నీ వరసగా జరుగుతాయి.

గోవిందా గోల, జానీ లీవర్ మొహంలో విరుపులు, ఏడుపు సీను వెనకే పాట. అంతా ఆ కాలపు కొలతలోనే ఉంటుంది. అంజలిని మరీ దేవతను చేశారనీ, మొగుళ్ళను మరీ మూర్ఖులను చేశారనీ అనడానికి వీలుంది. అయినా, కోటీశ్వరుల కుటుంబాలే కుటుంబాలుగా చెలామణి అవుతున్న కాలంలో హిందీ తెర మీద బాకీల గురించి మాట్లాడిన సినిమా ఇది.

ఈ కథ హిందీలో పుట్టింది కాదు. తమిళంలో వి. శేఖర్ అనే దర్శకుడు 1999లో ‘విరలుక్కేత్త వీక్కం’ అని తీశారు. నాజర్, కుష్బూ, లివింగ్‌స్టన్, వడివేలు, వివేక్, కోవై సరళ అందులో ఉన్నారు. మరుసటి ఏడే అది తెలుగులో ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రండి’గా వచ్చింది. రాజా వన్నెంరెడ్డి దర్శకత్వం. శ్రీకాంత్, రోజా, ప్రకాష్‌రాజ్, రమ్యకృష్ణ, బ్రహ్మానందం, కోవై సరళ ఆ జంటల్లో ఉన్నారు. తమిళం నుంచి తెలుగుకు, అక్కడి నుంచి బొంబాయికి, రెండేళ్ళలో మూడు భాషలు తిరిగిందన్నమాట.

కథ సంగతి అలా ఉంచి హిందీ సినిమా పేరు సంగతికి వస్తే, దాని వయసు ఇంకా ఎక్కువ. అది మొదట అనుకున్న 1968 నాటి సినిమా ‘తీన్ బహురానియా’లోని ఒక పాట పల్లవి. ఆనంద్ బక్షీ రాశారు, కల్యాణ్‌జీ ఆనంద్‌జీ బాణీ కట్టారు. ఆ పాటకూ వెనక ఇంకో పాట ఉంది. ఆ సినిమాకు మూలమైన, 1967లో కె. బాలచందర్ తీసిన తమిళ ‘భామా విజయం’లో కణ్ణదాసన్ రాయగా ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరిచిన పాట అది. రాబడి ఎనిమిదణాలు, ఖర్చు పదణాలు అని దాని లెక్క. అంటే తమిళంలో లోటు రెండణాలే, హిందీకి వచ్చేసరికి ఎనిమిదణాలైంది! ఇక్కడే ఇంకో ముడి పడింది. ఆ తమిళ పాట పల్లవినే పేరుగా పెట్టి 1994లో ‘వరవు ఎట్టణా సెలవు పత్తణా’ అనే సినిమా తీసింది కూడా ఈ వి. శేఖరే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రావడంతో అణాల లెక్క ప్రభుత్వ పద్దుల్లోంచి పోయింది. సినిమాల్లో మాత్రం 2001 దాకా నడిచింది.

బాలచందర్ సినిమాల్లోకి రాకముందు మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగి. పొద్దంతా సర్కారు పద్దులు చూసి, సాయంత్రం నాటకాలాడించిన మనిషి. జమాఖర్చుల మీద హాస్యం రాయడానికి ఆయనకు వేరే శిక్షణ అవసరం లేకపోయింది. ‘భామా విజయం’ కథలో ముసలాయన ఒకరు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఒక మేడ. తమిళంలో ఆ జంటల పేర్లు మహేశ్వరన్-పార్వతి, రామన్-సీత, కృష్ణన్-రుక్మిణి. పేర్లలో దేవతలు, బతుకులో నెలజీతాలు. అంతా సవ్యంగా సాగుతుండగా పక్కింట్లో ఒక పేరున్న సినిమా నటి దిగుతుంది.

ఇక చూడాలి. ఆవిడతో స్నేహం నాకంటే నాకని ముగ్గురు తోడికోడళ్ళూ పోటీ పడతారు. ఆవిడ ఇంటికొస్తే ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి, ఏ కప్పులో కాఫీ ఇవ్వాలి, మనింట్లో ఇది కూడా లేదా అనుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? అంతే, కొత్త చీరలు, కొత్త సామాను, కొత్త పలకరింపులు. డబ్బు చాలకపోతే వాయిదాలున్నాయి. మొగుళ్ళు సణుగుతూనే లొంగుతారు. వాయిదాల గడువు తరుముకొస్తుంటే ఇంటిల్లిపాదీ ఆ పాటను ఎత్తుకుంటారు. ఇది చాలదన్నట్టు, ముగ్గురు కొడుకుల్లో ఒకరికి ఆ నటితో సంబంధం ఉందంటూ ఊరూ పేరూ లేని ఉత్తరం ఒకటి ఊడిపడుతుంది. ఎవరి మొగుడన్నది అందులో ఉండదు. ముగ్గురు కోడళ్ళూ ఒకేసారి అనుమానంలో పడతారు. అప్పటిదాకా నటి పక్కన కూర్చోవాలని తహతహలాడినవాళ్ళు ఆ గుమ్మం వైపు చూడటానికే భయపడతారు.

తమిళంలో ఆ తండ్రి టి.ఎస్. బాలయ్య. హిందీలో పృథ్వీరాజ్ కపూర్. తెలుగులో బాలచందరే ‘భలే కోడళ్ళు’ పేరుతో 1968లో తీశారు, అక్కడ తండ్రి ఎస్.వి. రంగారావు. మూడు భాషల్లో ముగ్గురు తండ్రులు మారారు గానీ కోడళ్ళు మారలేదు. షావుకారు జానకి, కాంచన, జయంతి మూడింటిలోనూ కోడళ్ళే. హిందీలో మొగుళ్ళుగా ఆగా, రాజేంద్రనాథ్, రమేశ్ దేవ్ వేశారు. పక్కింటి నటిగా శశికళ. జెమినీ స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్, ఆయన కొడుకు బాలన్ కలిసి దర్శకత్వం వహించారు.

మద్రాసులో ఉడికిన ఇంటికథను బొంబాయికి వడ్డించడం అప్పటికే బాగా సాగుతున్న పద్ధతి. ఎల్.వి. ప్రసాద్ 1955లో తీసిన ‘మిస్సమ్మ’ను 1957లో తానే ‘మిస్ మేరీ’గా హిందీలో తీశారు. జీతం రాళ్ళ కోసం పెళ్ళి కాకుండానే మొగుడూ పెళ్ళాలుగా నటించిన ఇద్దరు నిరుద్యోగుల కథ అది. 1959 నాటి ‘ఇల్లరికం’ 1961లో ‘ససురాల్’ అయింది. 1960 నాటి ‘శాంతినివాసం’ను వాసన్ మరుసటి ఏడే ‘ఘరానా’ చేశారు. అత్త పెత్తనం, అల్లుడి అభిమానం, కోడలి ఓర్పు, నెలాఖరు ఇబ్బంది ఏ ఊళ్ళోనైనా ఒకటే కాబట్టి ఈ కథలకు పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది.

1968 నాటి ఇంట్లో దర్జా అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అప్పటికి టెలివిజన్ దేశం మొత్తం మీద ఢిల్లీలోనే ఉంది. బొంబాయికి 1972లో, మద్రాసుకు 1975లో వచ్చింది. కాబట్టి ముందుగదిలో మేజా మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని కూర్చున్న రేడియోయే ఇంటికి అలంకారం. దానికి కూడా ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాలి. సోఫా, ఫ్రిజ్, టెలిఫోన్ అంటే ఇక చెప్పేదేముంది. నెలజీతగాడికి బ్యాంకు అప్పు అందని మాట. 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ జరిగింది 1969 జూలై 19న, ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడు. అప్పటిదాకా ఉన్నవి వడ్డీవ్యాపారి, చీటీపాట, ఆఫీసులో సహకార సంఘం, దుకాణంవాడి వాయిదాలు. మద్రాసులో వి.జి. పన్నీర్‌దాస్ దుకాణం గడియారాలు, రేడియోలు వాయిదాల మీద అమ్మి పేరు తెచ్చుకున్నది ఆ రోజుల్లోనే. వాయిదాల కొనుగోళ్ళను అదుపు చేయడానికి పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసింది. దాన్ని అమలుకు తేకుండానే ఉంచి, 2005లో రద్దు చేశారు. ఆ చట్టం మీదా ఒక హాస్యచిత్రం తీయొచ్చు.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండింటిలోనూ కథను కదిలించేది పక్కింటికి కొత్తగా వచ్చిన ఆడమనిషే. రెండింటిలోనూ ఆమె సొంతంగా సంపాదించుకుంటున్నదే. 1968లో ఆమె సినిమా తార. ఆమె గాలి సోకితే చాలు, సంసారాలు అదుపు తప్పుతాయి. కోడళ్ళు ఆమెను చూసి నేర్చుకున్నది ఖర్చు పెట్టడం ఒక్కటే. ఆమె ఎలా సంపాదిస్తోందో ఒక్కరూ అడగరు. చివరికి వాళ్ళ ఆశలకు కళ్ళెం వేయడమే పరిష్కారమైంది. ఆ తీర్పు మామగారి చేతిలో ఉంది.

2001కి వచ్చేసరికి ఆ పక్కింటావిడే మందు. రోగం ఇప్పుడు మొగుళ్ళ దర్జా. పెళ్ళాలు ఆమెను చూసి నేర్చుకున్నది సంపాదించడం. ఖర్చు తగ్గించుకోమని చెప్పే మామగారి స్థానంలో, రాబడి పెంచుకోమని చెప్పే ఉద్యోగిని వచ్చి నిలబడింది. ఈ మార్పు ఒక్క రచయిత బుర్రలో పుట్టింది కాదు. 1968లో ఒక మామూలు ఇంట్లో రెండో జీతం ఊహకు అందేది కాదు. టీచరో, నర్సో, టెలిఫోన్ ఆపరేటరో తప్ప ఆడవాళ్ళకు తలుపులు తెరిచిన కొలువులు తక్కువ. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పట్టణాల్లో కొనాల్సిన వస్తువులూ పెరిగాయి, చేయదగిన పనులూ పెరిగాయి. క్రెడిట్ కార్డు, నెలవారీ కిస్తీ మధ్యతరగతి ఇంట్లోకి నడిచొచ్చాయి. ఒక్క జీతంతో ఇల్లు నెట్టుకురావడమే వింత అయింది.

ఆ 1968 కోడళ్ళ సొంత కథలు మాత్రం తెర మీది తీర్పుకు అప్పుడే ఎదురు తిరిగాయి. పెద్దకోడలు షావుకారు జానకి సంగతే తీసుకుంటే, రాజమండ్రిలో పుట్టిన ఆవిడ చిన్నప్పుడే మద్రాసు ఆకాశవాణి నాటకాల్లో గొంతు వినిపించారు. ఆ గొంతు విని దర్శకుడు బి.ఎన్. రెడ్డి సినిమాల్లోకి పిలిస్తే ఇంట్లోవాళ్ళు ససేమిరా అన్నారు. తొందరపడి పెళ్ళి చేసేశారు. చంటిబిడ్డ తల్లయ్యాక, ఇల్లు గడవని పరిస్థితిలో, వద్దన్న ఆ పనినే వెతుక్కుంటూ తానే బి.ఎన్. రెడ్డి దగ్గరికి వెళ్ళారు. అలా 1950లో విజయా వారి తొలి చిత్రం ‘షావుకారు’లో కథానాయిక అయ్యారు. ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇక కాంచన సినిమాల్లోకి రాకముందు విమానంలో ఎయిర్ హోస్టెస్. మొగుడి జీతాన్ని దుబారా చేసే కోడళ్ళుగా నవ్వించిన వాళ్ళంతా తమ సొంత సంపాదన మీద నిలబడినవాళ్ళే.

‘క్షేమంగా వెళ్ళి లాభంగా రండి’ వచ్చిన నాటి ఆంధ్రదేశానికి ఇంకో నేపథ్యం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. మొగుడి కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా కొట్టుకు పోతోందన్నదే వాళ్ళ కోపం. అది జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది. సారాకు పోవాల్సిన డబ్బు మిగిలింది కదా, దాన్ని రోజుకు రూపాయి చొప్పున దాచుకుందామంటూ నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. తర్వాత అవి డ్వాక్రా సంఘాలతో కలిసి ఊరూరా పాకాయి. నెలకోసారి రచ్చబండ దగ్గరో, బడి వరండాలోనో కూర్చుని ఎవరికి ఎంత అప్పివ్వాలో, ఎవరు ఎంత తిరిగి కట్టారో ఆడవాళ్ళే పద్దు రాసుకోవడం 2000 నాటికి తెలుగు పల్లెల్లో మామూలు దృశ్యం. తెర మీద పెళ్ళాలు మొగుళ్ళను లెక్కలడుగుతుంటే ఆ ప్రేక్షకులకు వింతేముంటుంది?

అసలు ఇంటి ఆర్థికమంత్రి దగ్గర రహస్య నిధి ఒకటి ఎప్పుడూ ఉంది. పోపులపెట్టెలో మెంతుల గిన్నె కింద నాలుగు మడతలు పెట్టిన నోటు. బియ్యం డబ్బా అడుగున ప్లాస్టిక్ కవరు. బీరువాలో పట్టుచీర మడతల మధ్య పుట్టింటివాళ్ళు పెట్టిన డబ్బు. కూరల్లో మిగిలిన చిల్లర, పండక్కి అన్నయ్య ఇచ్చిన ఐదు వందలు, పాత పేపర్లు అమ్మితే వచ్చినవి అక్కడికే చేరతాయి. మొగుడికి తెలియదు, తెలిసినా తెలియనట్టుంటాడు. పిల్లాడి ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ డబ్బే ఆదుకుంటుంది.

2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రధాని ప్రకటించగానే ఆ నిధులన్నీ ఒక్కసారి వెలుగులోకి వచ్చాయి. దేశమంతటా వంటిళ్ళలో ఏళ్ళ తరబడి కాపాడుకున్న గుట్టు తెల్లారేసరికి మొగుళ్ళ ముందు పెట్టాల్సి వచ్చింది. ఎంత దాచావేమిటని కొందరు ముక్కున వేలేసుకున్నారు, ఇంకొందరు బ్యాంకు ముందు క్యూ కట్టారు. ఆ డబ్బుకు లెక్క చెప్పమని పన్ను అధికారులు అడిగిన ఒక గృహిణి కేసు ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. నోట్ల రద్దు సమయంలో గృహిణులు జమ చేసిన రెండున్నర లక్షల లోపు సొమ్మును లెక్క చూపని ఆదాయంగా పరిగణించకూడదని 2021లో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది.

అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి పరిహారం లెక్కకట్టాల్సి వచ్చినప్పుడు, ఇంటిపని చేసే మనిషికి ఆదాయం ఎందుకు కట్టాలో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా వివరంగా రాశారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన ఆ న్యాయమూర్తి అందులో 2011 జనాభా లెక్కలు ఉదహరించారు. ఇంటిపనే మా ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దేశంలో దాదాపు 15 కోట్ల 98 లక్షలు. అలా చెప్పిన మగవాళ్ళు సుమారు 58 లక్షలు. ఇక 2019లో ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. 2001 సినిమాలో పెళ్ళాలు లేని ఇంట్లో మొగుళ్ళు పడిన పాట్లు హాస్యం కోసం కాస్త పెంచారేమో గానీ, ఈ లెక్కల ముందు ఏమంత అతిశయం అనిపించవు. పెళ్ళాలు ఇంటికి తిరిగొచ్చాక, రెండో జీతం చేతికందాక, రాత్రి వంట ఎవరు చేశారన్నది మాత్రం ఆ సినిమా చూపించలేదు.

ఆ తర్వాత హిందీ తెర ఇంటి పద్దును మర్చిపోలేదు, గోల తగ్గించి చెప్పడం నేర్చుకుంది. 2010లో హబీబ్ ఫైజల్ తీసిన ‘దో దూనీ చార్’లో రిషి కపూర్ ఢిల్లీలో లెక్కల మాస్టారు. భార్యగా నీతూ కపూర్, ఇద్దరు పిల్లలు, ఒక పాత స్కూటరు. బంధువుల పెళ్ళికి మీరట్ వెళ్ళాలి, పరువు నిలవాలంటే కారులో దిగాలి. పొరుగింటాయన కారు అడిగి తీసుకెళ్తారు. అక్కడి నుంచి కారు కొనడమే ఇంటిల్లిపాదికీ తపస్సు. లెక్కల మాస్టారికి తన ఇంటి లెక్క తేలకపోవడం, మార్కుల కోసం డబ్బివ్వడానికి సిద్ధపడిన వాళ్ళ ముందు ఆయన మనసు ఊగిసలాడటం నవ్విస్తూనే గుచ్చుతాయి. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. 1968 నాటి సోఫా ఇక్కడ కారైంది. పక్కింటివాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు.

2017లో సురేశ్ త్రివేణి తీసిన ‘తుమ్హారీ సులు’లో ఆ పక్కింటి అవసరం కూడా లేకపోయింది. ముంబై శివార్లలోని విరార్‌లో కాపురం. సులోచన పాత్రలో విద్యా బాలన్, భర్త అశోక్‌గా మానవ్ కౌల్. సులుకు చదువు అంతంతమాత్రం, పోటీల్లో పాల్గొనడం సరదా. రేడియో పోటీలో ప్రెషర్ కుక్కర్ గెలుచుకుని, దాన్ని తెచ్చుకోవడానికి స్టేషన్‌కు వెళ్తుంది. అక్కడ కొత్త జాకీలు కావాలన్న ప్రకటన కంటపడుతుంది. నెమ్మదిగా రాత్రివేళ కార్యక్రమంలో చీరకట్టుకున్న వదినగా ఊరంతటికీ గొంతు పరిచయమవుతుంది. భర్తకు మొదట సంబరం, తర్వాత ఇరుకు. ఆయన పనిచేసే చోట కొత్త యజమాని పెత్తనం మొదలై ఉద్యోగం ఊగుతున్న సమయంలోనే ఆమె పేరు పెరగడం ఆ ఇరుకును ఇంకా బిగిస్తుంది. తోడబుట్టిన అక్కలు, ఈ రాత్రి ఉద్యోగమేంటని తగులుకుంటారు. కొడుకు బడిలో చిక్కుల్లో పడితే ఆ నెపమూ ఆమె మీదికే.

పాత సినిమాల్లో పక్కింటి నుంచి వచ్చిన సంపాదనాపరురాలు ఇక్కడ ఇంట్లోనే ఉంది. 1968లో కోడళ్ళు నటిని చూసి మురిసిపోయారు, 2001లో భార్యలు అంజలిని చూసి కదిలారు, సులు ఎవరినీ చూడలేదు. ఇంటి ఒత్తిడి భరించలేక ఒక దశలో ఉద్యోగం వదిలేసి బయటికి వస్తుంది కూడా. వస్తూ వస్తూ స్టేషన్‌కు భోజనాలు సరఫరా చేసేవాళ్ళతో జరుగుతున్న గొడవ చూస్తుంది. ఆ కాంట్రాక్టు మాకే ఇవ్వండని అక్కడికక్కడే అడిగేస్తుంది. ఇప్పుడు అశోక్ క్యారియర్లు సర్ది స్టేషన్‌కు పంపే వ్యాపారం చూసుకుంటాడు, సులు మళ్ళీ మైకు ముందు కూర్చుంటుంది. మొగుడి వ్యాపారానికి మొదటి బేరం తెచ్చిపెట్టింది ఆవిడే. ఆ ఇంట్లో రెండు రాబడులూ ఒకే రేడియో స్టేషన్ నుంచి వస్తున్నాయి.